తిని మరీ వెళ్లాల్సిన విందు

గ్రాహమ్ కెర్ సెట్ మీదికి నడిచి వచ్చేవాడు కాదు, ఉరికొచ్చేవాడు. చేతిలో వైన్ గ్లాసు ఉండగానే కుర్చీ మీంచి ఒక్క దూకు దూకి, ఎదురుగా కూర్చున్న జనం కేసి చూసి నవ్వేవాడు. 1969 నుంచి 1971 దాకా సాగిన ‘ది గాలపింగ్ గోర్మే’ షో అది. కెనడా రాజధాని అటావాలో షూటింగ్. నిర్మాత ఆయన భార్య ట్రీనాయే. కబుర్లు చెబుతూ, వెన్నా మీగడా కుమ్మరిస్తూ వంట ముగించాక బల్ల ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పరవశించిపోయేవాడు. ఆ తర్వాత జనంలోకి వెళ్లి ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఆ ఒక్కరికి ఆ పూట షడ్రసోపేతం.

మరి మిగతావాళ్లకి? వాసన పీల్చడం, చప్పట్లు కొట్టడం, ఆకలితో ఇంటికి పోవడం.

టీవీ వంటల షోకి ప్రేక్షకులుగా వెళ్లాలని ముచ్చటపడేవాళ్లు మొట్టమొదట జీర్ణించుకోవాల్సింది ఈ సంగతే. అక్కడ జనాన్ని కూర్చోబెట్టేది వడ్డించడానికి కాదు. ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాళ్లకు వాసన అందదు, రుచి అందదు. ఆ లోటు తీర్చడానికి స్టూడియోలో కొన్ని ముక్కులూ నోళ్లూ మొహాలూ కావాలి. జీతం లేని పని అది. అయితే ఆ పనిలో ఒళ్లు వంచి కూర్చున్నవాళ్లకి ఇంట్లో ఎన్నేళ్లు టీవీ చూసినా దొరకనిది ఒకటి దొరుకుతుంది: కత్తిరించని వంట. అరగంట ఎపిసోడ్ కోసం స్టూడియోలో గంటలు గంటలు ఏం జరుగుతుందో, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి చేతులు కెమెరా పక్కకు తిరిగినప్పుడు ఏం చేస్తాయో చూసే అవకాశం. ఈ అధ్యాయం ఆ అవకాశాన్ని తింగరిగా పోగొట్టుకోకుండా ఉండటం ఎలా అన్నదాని గురించి.

టికెట్ సంగతి ముందు తేల్చుకోవాలి. అమెరికాలో, బ్రిటన్‌లో టీవీ స్టూడియో టికెట్లు సాధారణంగా ఉచితం. అమెరికాలో చాలా షోలకు 1ఐయోటా లాంటి సంస్థల ద్వారా పేరు నమోదు చేసుకుంటారు. బ్రిటన్‌లో బీబీసీ స్వయంగా ఇస్తుంది. డబ్బులు కట్టమని ఎవరైనా అడిగితే అక్కడే అనుమానించాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం. టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. ఉచితంగా ఇచ్చిన టికెట్ తీసుకుని రానివాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు, ఖాళీ కుర్చీలు కెమెరాలో వెలవెలబోతూ కనిపిస్తాయి. అందుకని ఉన్న కుర్చీల కంటే ఎక్కువ టికెట్లు పంచుతారు. ముందొచ్చినవాళ్లకు చోటు, వెనకొచ్చినవాళ్లకు నమస్కారం. టికెట్ మీద రాసిన వేళకి చేరుకుంటే సరిపోదు, అంతకంటే బాగా ముందుగా వరసలో నిలబడాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తప్పనిసరి. పిల్లలకు కనీస వయసు నిబంధన ఉంటుంది, షోని బట్టి అది 16 కావచ్చు, 18 కావచ్చు. పిల్లల్ని చూడటానికి న్యూజెర్సీకో డాలస్‌కో వెళ్లిన తెలుగు అమ్మానాన్నలు మనవణ్ణి కూడా వెంటబెట్టుకుని బయల్దేరితే గుమ్మం దగ్గర ఇబ్బంది పడేది ఇక్కడే.

గుంపుగా వెళ్లేవాళ్లకు ఒక్కోసారి దారి సులువవుతుంది. నిర్మాతలకు ఉత్త జనం కన్నా ఏదో ఒక కథ ఉన్న జనం అంటే ఇష్టం. ఒకే ఊరివాళ్లు, ఒకే వృత్తివాళ్లు, కవలలు, కొత్త పెళ్లికూతుళ్లు, ఇలా. దీనికి పరాకాష్ఠ 2005 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగింది. వంట, ఇంటి అలంకరణ షోలకు పేరున్న మార్తా స్టూవర్ట్ తన కొత్త షో మొదలుపెడుతూ తన పేరే ఉన్న ఆడవాళ్లను పిలిపించింది. 164 మంది మార్తా స్టూవర్ట్‌లు ఒకే చోట చేరారు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ల అతి పెద్ద సమావేశంగా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2022లో జపాన్‌లో 178 మంది హిరోకాజు తనాకాలు చేరి ఆ రికార్డును చెరిపేశారు. మన వైపు సుబ్బారావులు తలుచుకుంటే రెండు రికార్డులూ ఒక్క పూటలో గల్లంతయ్యేవే. కనుక దరఖాస్తు నింపేటప్పుడు ‘మీ గురించి’ అన్న గడిని ఖాళీగా వదలకూడదు. ‘నలభై ఏళ్లుగా ఏటా ఆవకాయ పెడుతున్న ముగ్గురు అక్కచెల్లెళ్లం’ అన్న ఒక్క వాక్యం వంద ‘ఐ లవ్ కుకింగ్’ల పెట్టు.

ఏ షోకి వెళ్లాలి అన్నది కూడా ఆలోచించాల్సిందే. వంట నేర్పే షో వేరు, వంట పోటీ వేరు. 1994 నుంచి 2010 దాకా బీబీసీలో సాగి, 2020లో మళ్లీ కొంతకాలం వచ్చిన ‘రెడీ స్టెడీ కుక్’ పోటీ షో. ఇద్దరు మామూలు మనుషులు మొదట్లో అయిదేసి పౌండ్ల సరుకులు సంచిలో వేసుకొచ్చేవారు. వాటితో ఇద్దరు షెఫ్‌లు 20 నిమిషాల్లో వండాలి. ఒక జట్టు గుర్తు ఎర్ర టమాటా, మరో జట్టుది పచ్చ క్యాప్సికమ్. చివర్లో ప్రేక్షకులంతా టమాటా అట్టో క్యాప్సికమ్ అట్టో పైకెత్తి ఓటు వేసేవారు. ఎత్తేవాళ్లలో ఎవరూ ఆ వంట రుచి చూసి ఉండరు! మన ఎన్నికలతో దీనికి పోలిక వద్దుగానీ, చేయి ఎత్తేముందు కళ్లతో ఎంత రుచి చూడొచ్చో ఆ షో జనానికి బాగా అలవాటు చేసింది. అమెరికాలో 2013 నుంచి ఫుడ్ నెట్‌వర్క్‌లో వస్తున్న ‘బీట్ బాబీ ఫ్లే’ ఇంకోరకం. ముందు ఇద్దరు షెఫ్‌లు 20 నిమిషాల్లో తలపడతారు. గెలిచినవాడు తనకు బాగా వచ్చిన వంటకంతో బాబీ ఫ్లేని సవాలు చేస్తాడు. ఇద్దరికీ 45 నిమిషాలు. ఏ పళ్లెం ఎవరిదో తెలియకుండా ముగ్గురు న్యాయనిర్ణేతలు రుచి చూసి తేలుస్తారు. ఇక్కడ ప్రేక్షకుల పని స్టేడియంలో పనిలాంటిదే, గొంతు పోయేలా అరవడం.

పోటీ షోలో ఉత్సాహం ఉంటుంది, నేర్చుకోవడం తక్కువ. ఇద్దరు ఒకేసారి వండుతుంటే ఎవరి చేతులు చూడాలో తేలేలోపు గంట కొట్టేస్తారు. సరదా కోసమైతే పోటీకి వెళ్లాలి. చేతికి ఏదైనా అంటాలంటే ఒక్కరే నిలబడి వండే షోని వెతుక్కోవాలి.

బట్టల విషయంలో తెలుగువాళ్లకు కొంచెం కష్టమే. స్టూడియోలు పంపే సూచనలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి: తెల్లటి తెలుపు వద్దు, పెద్ద అక్షరాల లోగోలు వద్దు, సన్న చారలూ చిన్న గళ్లూ వద్దు. తెలుపు లైట్ల కింద మండిపోయినట్టు కనిపిస్తుంది. సన్న చారలు కెమెరాలో కదులుతున్నట్టు, నీళ్లలో నీడలా వణుకుతున్నట్టు కనిపిస్తాయి. ఆ లెక్కన చిక్కటి పోచంపల్లి ఇక్కత్ ప్రమాదమే. ఒళ్లంతా జరీ ఉన్న గద్వాల్ పట్టు లైట్లను తిప్పి కెమెరాలోకి కొడుతుంది. నిండు రంగు మీద సన్న అంచున్న మంగళగిరి నూలు చీర చక్కగా అమరుతుంది. చేతి నిండా గాజులు వద్దు. చప్పట్లు కొట్టినప్పుడల్లా అవి చేసే గలగల తలపైన వేలాడే మైకుల్లోకి వెళుతుంది. సెంటు గురించి స్టూడియోలు చెప్పినా చెప్పకపోయినా దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లడం మర్యాద. వెల్లుల్లి వేగుతున్న వాసన కోసం వచ్చినవాళ్ల పక్కన మల్లెపూల అత్తరు గుబాళిస్తే పక్క సీటావిడ మనసులో ఏమనుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

పైన కప్పుకోవడానికి శాలువా తీసుకెళ్లాలి. లైట్ల వేడికి యంత్రాలూ మనుషులూ ఉడికిపోకుండా ఏసీ గట్టిగా పెడతారు. లైట్లేమో వంటాయన మీద, చల్లగాలేమో జనం మీద.

ఇక తిండి. కడుపు నింపుకునే వెళ్లాలి. ఒక్కసారి లోపలికి పంపాక మధ్యలో లేచి వెళ్లడం కుదరకపోవచ్చు, బయటి తిండి రానివ్వరు, ఫోన్లు ఆపేయమంటారు లేదా తీసేసుకుంటారు. మధుమేహం ఉన్నవాళ్లు, వేళకి మందులు వేసుకోవాల్సినవాళ్లు గుమ్మం దగ్గరే సిబ్బందితో చెప్పి, నడవా పక్క సీటు అడగాలి. మొహమాటపడితే నష్టం ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని వంట చూస్తేనే ఆకలేస్తుంది. రెండు గజాల దూరంలో ఉల్లిపాయ వెన్నలో ఎర్రబడుతుంటే ఖాళీ కడుపుతో కూర్చోవడం శిక్షే. ఆకలితో ఉన్నవాడి కళ్లు పళ్లెం మీదే ఉంటాయి, చేతుల మీద ఉండవు.

కెమెరాలు తిరగకముందే ఒక మనిషి మైకు పట్టుకుని జనం ముందుకొస్తాడు. వార్మప్ కమెడియన్ అంటారు. జోకులు వేస్తాడు, ఏ ఊరని అడుగుతాడు, నాలుగైదు రకాలుగా చప్పట్లు కొట్టిస్తాడు: మామూలువి, ఉరుములాంటివి, లేచి నిలబడి కొట్టేవి. ఆశ్చర్యపోయి చూపించమంటాడు, ‘ఆహా’ అనమంటాడు. ఇది చూసి కొందరికి చిన్నతనంగా ఉంటుంది, ఇదంతా ఉత్తుత్తిదే కదా అని ముడుచుకుని కూర్చుంటారు. ఆ మొహాల వైపు కెమెరా మళ్లీ తిరగదు. కొన్ని షోల్లో ఈ చప్పట్లనీ ఆశ్చర్యాలనీ ముందే విడిగా తీసి పెట్టుకుంటారు, ఎడిటింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ అతికిస్తారు. టీవీలో సూఫ్లే పొంగినప్పుడు నోరు తెరిచిన ఆవిడ నిజానికి గంట ముందు కమెడియన్ జోకుకి నోరు తెరిచి ఉండొచ్చు. మోసం అనుకుంటే అనుకోవచ్చు. కానీ తోలుబొమ్మలాట ముందు కూర్చుని దారాలు కనిపిస్తున్నాయని అలిగేవాళ్లకు ఆట ఉండదు.

అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది.

స్టూడియో ప్రేక్షకుల్ని వంటలో సగం భాగస్వాముల్ని చేసినవాడు ఎమెరిల్ లగాసీ. 1997లో ఫుడ్ నెట్‌వర్క్‌లో మొదలైన ‘ఎమెరిల్ లైవ్’ పదేళ్లు సాగింది. పక్కన పాటల బ్యాండు, ముందు కిక్కిరిసిన జనం. ఆయన బాణలిలో వెల్లుల్లి ఓ గుప్పెడు వేస్తే కేకలు, ఇంకో గుప్పెడు వేస్తే ఈలలు. మసాలా చల్లుతూ ‘బామ్!’ అని అరిచేవాడు. ఆ అరుపు పుట్టింది జనం కోసం కాదు. అంతకుముందు షోలో ఒకే రోజు వరసగా ఎపిసోడ్లు తీస్తుంటే మధ్యాహ్నం తిండి అయ్యాక కెమెరా సిబ్బందికి కునుకు పట్టేదట, వాళ్లను ఉలిక్కిపడేలా చేయడానికి మొదలుపెట్టానని ఆయనే చెప్పాడు. టీవీలో వాసన వచ్చే యంత్రం ఇంకా కనిపెట్టలేదే అని షోలో తెగ వాపోయేవాడు. వంటబల్ల దగ్గరి సీట్లు దొరికినవాళ్లకు పళ్లేలు అందేవి. వెనక వరసలకు వాసనే ప్రసాదం.

కానీ ఆ వాసనే చదువు. ఇంట్లో వంట చేసేవాళ్లకు పుస్తకం ‘అయిదు నిమిషాలు వేయించాలి’ అని చెబుతుంది. ఏ పొయ్యి మీద, ఏ మూకుడులో? స్టూడియోలో కూర్చున్నవాళ్లు గడియారం వదిలేసి ముక్కుతో లెక్కపెట్టొచ్చు. వెల్లుల్లి పచ్చివాసన పోయి తియ్యగా మారే క్షణం ఒకటి ఉంటుంది. అది దాటితే చేదు. చెయ్యి తిరిగిన షెఫ్ ఆ క్షణంలో మాట్లాడుతూనే, తల తిప్పకుండానే, ద్రవమేదో గిన్నెలో పోస్తాడు. టీవీలో అది యథాలాపంగా పోసినట్టు కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని వాసన పట్టినవాళ్లకు అది ఎందుకు అప్పుడే పోశాడో అర్థమవుతుంది. మన ఇళ్లలో ఇంగువ పోపు చిటపట వింటూ పక్కగదిలోంచి ‘స్టవ్ కట్టెయ్, మాడుతోంది’ అని అరిచే అమ్మమ్మల విద్య కూడా ఇదే.

ఎదురుగా కూర్చుని చూడాల్సింది రెండోది, చేతులు. సెట్లో పెద్ద మానిటర్లు ఉంటాయి, అందరి కళ్లూ వాటివైపే పోతాయి. అది టీవీనే, ఇంట్లోనూ ఉంది. దాన్నుంచి కళ్లు తిప్పి మనిషిని చూడాలి. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేక్యూఈడీ స్టేషన్‌లో మొదలైన ‘యాన్ కెన్ కుక్’ ప్రేక్షకుల ముందు తీసిన షో. మార్టిన్ యాన్ చైనా కత్తితో కోడిని 18 సెకన్లలో ఎముకలు విడదీసి పెట్టడంలో ప్రసిద్ధుడు. ఆ వేగం చూసి జనం వెర్రెత్తిపోతారు. నేర్చుకోవాలనుకునేవాళ్లు, కూరలు తరిగేటప్పుడు, కత్తి పట్టిన చేతిని వదిలేసి రెండో చేతిని చూడాలి. వేళ్ల కొసలు లోపలికి ముడుచుకుని, కణుపులు కత్తి రేకుకి ఆనుకుని, కత్తికి దారి చూపుతూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా వెనక్కి జరుగుతుంటాయి. తెగేది ఎంత మందమో నిర్ణయించేది ఆ కణుపులే. కత్తిపీట మీద కూరలు తరిగి పెరిగిన చేతులకు ఇది కొత్త, ఎందుకంటే అక్కడ కత్తి కదలదు, వంకాయే కదులుతుంది.

మూడోది, టీవీ ఎప్పటికీ చూపించనిది: మార్పిడి. ఓవెన్‌లో రెండు గంటలు ఉండాల్సిన వంటకాన్ని షెఫ్ లోపల పెడతాడు, అంతలోనే పక్క ఓవెన్‌లోంచి పూర్తయినదాన్ని తీస్తాడు. తెరమీద అది కనురెప్పపాటు. స్టూడియోలో మాత్రం సహాయకులు ఒకే వంటకాన్ని మూడు నాలుగు దశల్లో తయారుచేసి పెట్టుకోవడం, నల్లబట్టలు వేసుకున్నవాళ్లు తొక్కలూ మురికి గిన్నెలూ తీసుకుపోవడం, కొత్త తువ్వాలు పెట్టడం, గాజుగిన్నెల్లో కొలిచిన ఉప్పూ కారం వరసలో సర్దడం అన్నీ కళ్లముందే సాగుతాయి. టీవీ వంట తేలిగ్గా కనిపించడానికి కారణం వండేవాడి ప్రతిభ ఒక్కటే కాదు, అతడు గిన్నె కడగడు, ఉల్లిపాయ ఒలవడు, జీలకర్ర డబ్బా కోసం అల్మారాలు వెతకడు. ‘పదిహేను నిమిషాల్లో బిర్యానీ’ చూసి గంటన్నర పట్టిందని తమను తాము తిట్టుకునే కొత్త కాపురాలవాళ్లు ఒక్కసారి ఈ తెరవెనక జనాన్ని చూస్తే మనసు కుదుటపడుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోగలిగింది కూడా ఈ అలవాటే: పొయ్యి వెలిగించే ముందే అన్నీ తరిగి, కొలిచి, వాడే వరసలో పెట్టుకోవడం. పెళ్లి వంటవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఇంట్లో ఒక్కరికే వండుకునేటప్పుడు మాత్రం అందరం మర్చిపోతాం.

ప్రేక్షకులు లేని రోజుల్లో ఈ సహాయకుల్ని దాచడం ఇంకో తమాషా. 1963లో బోస్టన్‌లో మొదలైన జూలియా చైల్డ్ ‘ది ఫ్రెంచ్ షెఫ్’కి స్టూడియో జనం లేరు. వంటబల్ల చాటున సహాయకులు నేలమీద చతికిలబడి గిన్నెలు అందించేవారు, అందుకునేవారు. ఒక ఎపిసోడ్‌లో ఆమె బంగాళాదుంప అట్టు ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యిబల్ల మీద పడింది. తీసి మళ్లీ పెనంలో వేసుకుని, వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు చూడొచ్చారన్న అర్థంలో ఓ మాట అంది. తర్వాత జనం నోళ్లలో ఆ అట్టు కాస్తా కోడి అయింది, పొయ్యిబల్ల కాస్తా నేల అయింది. ఎదుట జనం ఉన్న షోలో ఆ మాట అనడానికి వీల్లేదు. తప్పు జరిగితే అందరూ చూస్తారు. అందుకే ప్రేక్షకుల ముందు వండేవాళ్లు తప్పుని ఎలా సర్దుకుంటారన్నది గమనించదగ్గ విషయం. సాస్ విరిగిపోతే, అడుగంటితే మొహం ఎలా ఉంటుంది, మొదట చెయ్యి ఎటు పోతుంది? మంట తగ్గించడానికా, చల్లటి నీటి చుక్కకా? ఎడిటింగ్‌లో ఎగిరిపోయే ఆ అరనిమిషం స్టూడియోకి వెళ్లినవాళ్ల సొంతం.

రుచి చూసే అదృష్టం పడితే శాకాహారులకు ఒక చిక్కుంది. ఆ రోజు ఏం వండుతారో ముందుగా చెప్పకపోవచ్చు. ఎమెరిల్‌కి పంది కొవ్వు అంటే ఎంత ఇష్టమంటే దాని మీద ఆయనకో నినాదమే ఉండేది. కూరగాయల సూపే అనుకున్నదాంట్లో కోడి ఎముకల రసం ఉంటుంది, తీపి జెల్లీలో జెలటిన్ ఉంటుంది. అందుకని టికెట్ దరఖాస్తులోనే శాకాహారం, పల్లీల అలర్జీ లాంటివి రాసేయాలి. సీటు చూపించే సిబ్బందికి మళ్లీ చెప్పాలి. కెమెరా తిరుగుతుండగా చెంచా నోటిదాకా వచ్చాక వద్దనడం ఇద్దరికీ ఇబ్బంది. అలాగని మొహమాటానికి నోట్లో పెట్టుకుని, తర్వాత ఊరంతా చెప్పుకుని బాధపడటమూ అనవసరం. ముందు చెబితే వాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటారు, అంతే.

వేదిక మీదికి పిలిస్తే ఏం చేయాలి? కెనడాలో ‘వాక్ విత్ యాన్’ షో చేసిన స్టీఫెన్ యాన్ (మార్టిన్ యాన్ వేరు, ఈయన వేరు) కూడా చివర్లో ప్రేక్షకుల్లోంచి ఒకరిని తనతో కూర్చోబెట్టుకుని తినేవాడు. అలా వెళ్లినవాళ్లు ఎక్కువమంది ఒకే మాట అంటారు: చాలా బాగుంది. ఇంట్లో చూసేవాళ్లకు ఆ మాటతో ఒరిగేదేం లేదు. మొదట పులుపు తగిలిందా, కారం గొంతులో దిగిందా నాలుక కొసన ఆగిందా, పైన కరకరలాడి లోపల మెత్తగా ఉందా అని ఒక్క ముక్క చెప్పగలిగితే వంటాయన మొహం వెలుగుతుంది, సంభాషణ సాగుతుంది. మన చింతపండు పులుసుతోనో గోంగూరతోనో పోల్చి చెబితే ఇంకా రక్తి కడుతుంది. ప్రశ్న అడిగే వీలుంటే ‘ఇంకా ఏమేం వేయొచ్చు’ అని కాకుండా, కళ్లతో చూసినదాని మీద అడగాలి: మూత ఎందుకు తీసేశారు, ఉప్పు రెండుసార్లు ఎందుకు వేశారు? అలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు వంట పుస్తకాల్లో దొరకవు.

కానుకల సంగతీ తెలిసుండాలి. కొన్ని షోలు జనానికి పుస్తకాలో మూకుళ్లో పంచుతాయి. వంటల షో కాకపోయినా ఓప్రా విన్‌ఫ్రీ ఉదంతం ఇక్కడ చెప్పుకోవాల్సిందే. 2004 సెప్టెంబరులో ఆమె తన షోకి వచ్చిన 276 మందికీ తలా ఒక పాంటియాక్ కారు ఇచ్చింది. జనం ఏడ్చారు, గెంతులేశారు. తర్వాత తెలిసింది, అమెరికా చట్టం ప్రకారం అలాంటి బహుమతి ఆదాయం కిందికే వస్తుందని, పన్ను వేల డాలర్లలో కట్టాలని. మూకుడు స్థాయిలో ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ ఫ్రిజ్ గెలిచిన ఉత్సాహంలో సంతకం పెట్టే కాగితాన్ని ఓసారి చదవడం మంచిది, ముఖ్యంగా విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు. తమ మొహాన్ని, మాటల్ని ప్రసారం చేసుకోవడానికి ఒప్పుకుంటున్నామని రాసిన కాగితం మీద కూడా సంతకం అడుగుతారు. అది మామూలే.

హైదరాబాద్ సంగతి కొంత వేరు. తెలుగు టీవీలో వంటలకు లోటు లేదు. వంటల కోసమే ఈటీవీ అభిరుచి అనే ఛానెల్ ఉంది. 2021లో జెమినిలో తమన్నా వ్యాఖ్యాతగా మాస్టర్‌షెఫ్ తెలుగు వచ్చింది. అయితే మన మధ్యాహ్నపు వంటల కార్యక్రమాలు యాంకరూ వండే ఆవిడా ఇద్దరే నిలబడి మాట్లాడుకునే పద్ధతివి. మాస్టర్‌షెఫ్ తరహాలో పైన గ్యాలరీలో నిలబడి కేకలు వేసేది తోటి పోటీదారులే. పాటల, డ్యాన్సుల, కామెడీ షోలకు జనం కావాలి, వాళ్లను చాలావరకు కోఆర్డినేటర్లు సమకూరుస్తారు. వచ్చినవాళ్లలో కూలీ తీసుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు, కాలేజీ బస్సుల్లో సరదాగా వచ్చేవాళ్లూ ఉంటారు. పండగ స్పెషల్ ఎపిసోడ్లలో వంటల రౌండ్ పెట్టినప్పుడు ఈ దారిలోనే లోపలికి వెళ్లొచ్చు. ఎవరైనా ఎంట్రీ ఫీజు, రిజిస్ట్రేషన్ అంటూ ఫోన్‌పే చేయమంటే మాత్రం ఛానెల్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోకుండా పైసా పంపకూడదు. పొద్దున షిఫ్ట్ అని పిలిచి రాత్రి దాకా కూర్చోబెట్టడం మన దగ్గర వింత కాదు. ఇంటికి తిరిగి వెళ్లే బండి ఎవరిదో ముందే తేల్చుకోవాలి, ముఖ్యంగా ఊరి బయట ఫిల్మ్ సిటీ దాకా వెళ్లేవాళ్లు.

షూటింగ్ అయ్యాక ఫోన్ తిరిగి చేతికొచ్చిన వెంటనే అందరూ చేసే పని గేటు ముందు సెల్ఫీ. అది కానిచ్చి, దారిలోనే గుర్తున్నవి రాసుకోవాలి. రెసిపీ అక్కర్లేదు, అది ఎలాగూ ఛానెల్ ఇస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత, మంట ఎప్పుడు పెంచాడు, ఎప్పుడు తగ్గించాడు, ఏ వాసనకి ఏం చేశాడు, అవి రాసుకోవాలి. ఆ వారంలోనే ఒకసారి ఆ వంటకం ఇంట్లో చేసి చూడాలి, పదిరోజులు దాటితే వాసనల జ్ఞాపకం పల్చబడిపోతుంది. ఎపిసోడ్ ప్రసారమయ్యే తేదీ సాధారణంగా వారాల తర్వాత ఉంటుంది. అప్పటిదాకా ఎవరు గెలిచారో బయట చెప్పకూడదన్నది షరతు. పోటీ షో అయితే ఈ షరతు కాగితం మీదే ఉంటుంది, కనుక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కూడా నోరు కట్టుకోవాల్సిందే.

ప్రసారం రోజున చుట్టాలందరూ టీవీ ముందు చేరి ‘నువ్వెక్కడ, నువ్వెక్కడ’ అని వెతుకుతారు. రెండు సెకన్లు కనిపిస్తే గొప్ప. వాళ్లు మొహం కోసం వెతుకుతుండగా, స్టూడియోకి వెళ్లొచ్చినవాళ్లు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఇంకోటి వెతకొచ్చు: సాస్ విరిగి మళ్లీ కలిపిన ముక్క ఉంచారా, తీసేశారా? రెండోసారి వేసిన ఉప్పు తెరమీద ఉందా? లేకపోతే, ఆ రెసిపీని టీవీ చూసి రాసుకున్నవాళ్లందరి కూరలో ఆ పూట ఉప్పు తక్కువే.